జొన్నమల్లెకు అకాల మేల్కొలుపు

కలుపు తీసిన చేనులోనే పదిహేను రోజులకు మళ్ళీ కలుపు లేస్తుంది. దాన్ని ఎవరూ విత్తలేదు, ఎవరూ సాకలేదు. గాలికి, వరద నీటికి, పశువుల పేడతో వచ్చిపడిన గింజలు కొన్ని ఉంటాయి. కానీ లేచిన కలుపులో పెద్ద వాటా ఆ మట్టిలోనే ఏళ్ళ తరబడి పడి ఉన్న గింజలదే. మొలిచిన మొక్కనైతే పీకగలం, దున్ని పూడ్చగలం, మందు కొట్టి మాడ్చగలం. మొలవకుండా పడి ఉన్న గింజను ఏం చేయగలం? కుర్పి మొన దానికి తగలదు. ఆకుల మీద కొట్టే మందు దాన్ని అంటదు.

ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలు వెతికిన జవాబుల్లో ఒకటి మొదట విన్నప్పుడు విడ్డూరంగా తోస్తుంది. కలుపు గింజను చంపాలంటే ముందు దాన్ని మొలిపించాలి. అయితే దానికి తిండి దొరికే రోజున కాదు, దొరకని రోజున మొలిపించాలి. ఆ పని చేయించగల రసాయనాలు ఉన్నాయి. ఈ అధ్యాయం వాటి గురించి. నల్లగొండ, పాలమూరు చెలకల్లో జొన్న రైతుకు పాత శత్రువైన జొన్నమల్లె ఇందులో ముఖ్య పాత్ర, ఎందుకంటే ఈ ఉపాయం బాగా పారింది ఆ కలుపు మీదే.

గింజ దేనికోసం కాచుకుంటుంది?

1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు 20 సీసాల్లో తడి ఇసుక పోసి, ఒక్కొక్క దాంట్లో 21 రకాల గింజలు, రకానికి 50 చొప్పున కలిపి, కాలేజీ ఆవరణలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకొక సీసా తీసి ఏ గింజలు ఇంకా బతికి ఉన్నాయో చూడాలని ఆయన ఉద్దేశం. ఆయన పోయాక తర్వాతి తరాలవాళ్ళు ఆ పని కొనసాగించారు. 2021లో తీసిన సీసాలో వెర్బాస్కమ్ అనే కలుపు మొక్క గింజలు మొలకెత్తాయి. అంటే 142 ఏళ్ళు మట్టిలో ఉన్నా వాటి ప్రాణం పోలేదు.

తడి తగలగానే అన్ని గింజలూ ఒక్కసారే మొలవకపోవడం కలుపు మొక్కకు పెద్ద రక్ష. పాలమూరులో ఏడాదికి కురిసే వాన సగటున 600 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మిరుగు కార్తెలో ఒక మంచి వాన పడి, తర్వాత మూడు వారాలు మబ్బు ముఖం చాటేయడం అక్కడ రైతులకు కొత్త కాదు. ఆ మొదటి వానకే గింజలన్నీ మొలిస్తే అన్నీ ఎండిపోతాయి, ఆ జాతే అక్కడ తుడిచిపెట్టుకు పోతుంది. అందుకే కొన్ని గింజలు ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, కొన్ని పదేళ్ళకు మొలుస్తాయి. మొలిచే శక్తి ఉండీ మొలవని ఈ స్థితిని సుప్తావస్థ అంటారు. అలా మట్టిలో పోగుపడిన గింజల మొత్తాన్ని విత్తన నిధి అంటారు.

నిద్రలో ఉన్న గింజ బయటి సంగతులను పట్టించుకోదనుకోవద్దు. అది ఎప్పుడూ కనిపెట్టుకునే ఉంటుంది. కొన్ని జాతుల గింజలకు వెలుతురు కావాలి. నాగలి మట్టిని తిరగేసినప్పుడు క్షణకాలం తగిలిన ఎండే వాటికి చాలు. కొన్నిటికి పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ మధ్య తేడా తెలియాలి. కొన్నిటికి నైట్రేట్ తగలాలి. మొక్కలు దట్టంగా ఉన్నచోట వేర్లు నైట్రేట్‌ను పీల్చేసుకుంటాయి కాబట్టి మట్టి నీటిలో అది తక్కువగా ఉంటుంది. అది ఎక్కువగా ఉందంటే పైన పోటీ లేదనే అర్థం. గింజ ఆ కబురందుకుని లేస్తుంది. అడవులు తగలబడే ప్రాంతాల్లో కొన్ని గింజలు పొగ కోసం కాచుకుంటాయి. పొగలో ఉండి గింజను లేపే ఒక పదార్థాన్ని 2004లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు విడదీసి చూపారు.

విత్తన పరీక్షా కేంద్రాల్లో మొండికేసిన గింజలను లేపడానికి 0.2 శాతం పొటాషియం నైట్రేట్ ద్రావణం వాడటం మామూలు పద్ధతి. జిబ్బరెలిక్ ఆమ్లం కూడా అదే పనికి వస్తుంది. మరి వీటినే చేనంతా చల్లి కలుపునంతా ఒకేసారి లేపి, ఒక్క గుంటకతో తేల్చేయలేమా? ఈ ఆలోచన చాలామందికి వచ్చింది. చిక్కెక్కడంటే, ఒక్క చేనులోనే గునుగు, గరిక, వయ్యారిభామ, ఊద, తోటకూర జాతులు, ఇంకా ఎన్నో ఉంటాయి. ఒక్కొక్క దాని మేల్కొలుపు ఒక్కో రకం. ఒకే జాతిలో కూడా కొన్ని గింజలు గాఢనిద్రలో, కొన్ని కునుకులో ఉంటాయి. నైట్రేట్ కొన్నిటిని లేపుతుంది, మిగతావి కదలవు. చివరికి మన రైతు తరతరాలుగా చేస్తున్న పనే ఇక్కడ అగ్గువ, నమ్మకం కూడా: తొలకరికి దున్ని, లేచిన కలుపును ఒకటి రెండుసార్లు గుంటకతో కొట్టేసి, ఆ తర్వాత విత్తుకోవడం.

జొన్నమల్లె సంగతి వేరు. దాని గింజ ఒకే ఒక్క తరగతి రసాయనం కోసం కాచుకుంటుంది.

పచ్చని దొంగ

జొన్నమల్లెకు శాస్త్రనామం స్ట్రైగా. మన జొన్న చేలలో కనిపించేవి ముఖ్యంగా స్ట్రైగా ఏసియాటికా, స్ట్రైగా డెన్సిఫ్లోరా అనే రెండు జాతులు. జానెడు ఎత్తున, సన్నని గరుకు ఆకులతో, ఇక్కడ ఎక్కువగా తెల్లని చిన్న పూలతో ఉంటుంది. పువ్వు గొట్టం పైకొచ్చి ఒకచోట వంగుతుంది. ఆ రెండు జాతుల తేడా తెలియాలంటే పువ్వు కింద ఉన్న పచ్చని గిన్నెను భూతద్దంతో చూడాలి. దాని మీద నిలువు గీతలు ఐదే ఉంటే డెన్సిఫ్లోరా, పది లేదా అంతకు మించి ఉంటే ఏసియాటికా. జొన్న ఒక్కటే కాదు, సజ్జ, మొక్కజొన్న, చెరకు, మెట్ట వరి, కొన్ని అడవి గడ్డులు కూడా దీనికి ఆతిథ్యమిస్తాయి. ఒంగోలు వైపు పొగాకును పట్టే పొగాకు మల్లె దీనికి వరస కుదిరే బంధువు. దానికి ఆకుపచ్చదనమే ఉండదు. జొన్నమల్లె పచ్చగా ఉండటం వల్ల చూసేవాళ్ళు మామూలు కలుపనుకుంటారు.

దాన్ని మట్టితో సహా మెల్లగా తవ్వి, నీళ్ళలో కడిగి చూస్తే నిజం బయటపడుతుంది. దాని వేర్లు వెళ్ళి జొన్న వేరుకు అతుక్కుని ఉంటాయి. అతుక్కున్న చోట చిన్న బుడిపె కనిపిస్తుంది. ఆ బుడిపె జొన్న వేరు తోలును చీల్చుకుని లోపలి నీటి గొట్టాలదాకా పోతుంది. జొన్న పీల్చిన నీరు, లవణాలు, జొన్న తయారు చేసుకున్న ఆహారంలో కొంత దీని పాలవుతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. మల్లె పట్టిన జొన్న ఎదుగుదలే గాడి తప్పుతుంది. మట్టిలో తడి ఉన్నా ఆకులు వాడిపోతాయి, మొక్క గిడసబారుతుంది, కంకి చిన్నదవుతుంది లేదా వేయనే వేయదు. మల్లె మొలిచాక నాలుగు నుంచి ఆరు వారాలు మట్టి కిందే పెరుగుతుంది. రైతు కంటికి కనబడేసరికి జరగాల్సిన నష్టంలో చాలా భాగం జరిగిపోయి ఉంటుంది.

దీని బలమంతా గింజలో ఉంది. ఒక్క గింజ మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అరచేతిలో పోసుకుంటే గోధుమరంగు దుమ్ములా ఉంటుంది. గ్రాముకు రెండు లక్షల గింజల దాకా తూగుతాయి. ఒక్క మొక్క వేల సంఖ్యలో, బలంగా పెరిగితే లక్ష దాటి కూడా గింజలు రాలుస్తుంది. అవి పదేళ్ళకు పైగా మట్టిలో బతికి ఉండగలవు. ఇంత చిన్న గింజలో దాచుకున్న ఆహారం ఎంత ఉంటుంది? మొలక నాలుగైదు రోజులకు మించి బతకడానికి చాలదు. ఆ లోపల జొన్న వేరును పట్టుకోకపోతే చావే. మొలక వేరు సాగేది కూడా కొద్ది మిల్లీమీటర్లే. కాబట్టి జొన్న వేరు తన పక్కనే ఉందని రూఢి అయితే తప్ప ఈ గింజ మొలవకూడదు.

మరి చీకట్లో, మట్టి లోపల, కళ్ళు ముక్కు లేని గింజకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

వేరు పంపే కబురు

జొన్న వేరు తన చుట్టూ మట్టిలోకి ఎన్నో పదార్థాలు స్రవిస్తుంది. అందులో ఒకటి గింజను లేపుతోందని 20వ శతాబ్ది తొలి సగంలోనే అనుమానించారు. 1966లో సి. ఇ. కుక్, మన్రో వాల్ తదితరులు ఆ పదార్థాల్లో ఒకదాన్ని విడదీసి దానికి స్ట్రైగాల్ అని పేరుపెట్టారు. ఈ వాల్ బృందమే తర్వాత టాక్సాల్ అనే క్యాన్సర్ మందును కనిపెట్టింది. లీటరు నీటిలో గ్రాములో కోట్లవ వంతు స్ట్రైగాల్ ఉన్నా చాలు, జొన్నమల్లె గింజ లేస్తుంది.

ఇక్కడ మన ప్రాంతం పాఠకులు ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. స్ట్రైగాల్‌ను వాళ్ళు తీసింది జొన్న వేరు నుంచి కాదు, పత్తి వేరు నుంచి. పత్తిని జొన్నమల్లె పట్టలేదు. అంటే పత్తి వేరు పక్కన పడి ఉన్న గింజ కబురందుకుని లేస్తుంది, వేరును చేరుతుంది, కానీ దాన్ని చీల్చి లోపలికి పోలేక ఆకలితో చస్తుంది. ఇలా గింజను లేపి ఆహారం ఇవ్వని పంటను ఎర పంట అంటారు.

తన ప్రాణానికే ముప్పు తెచ్చే పదార్థాన్ని వేరు ఎందుకు వదలాలి? దీనికి జవాబు దొరకడానికి 40 ఏళ్ళు పట్టింది. 2005లో జపాన్‌కు చెందిన అకియామా బృందం అసలు కారణం చూపించింది. వేరు ఆ కబురు పంపేది మట్టిలోని మేలు చేసే శిలీంధ్రాలకు. ఆ శిలీంధ్రాలు వేరుతో పొత్తు కుదుర్చుకుని, దూరం నుంచి భాస్వరం తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. మట్టిలో భాస్వరం, నత్రజని తక్కువైనకొద్దీ వేరు ఈ పదార్థాలను ఎక్కువగా వదులుతుంది. 2008లో మరో సంగతి తేలింది. స్ట్రైగోలాక్టోన్లు అనే ఈ తరగతి పదార్థాలు మొక్కలోపల కొమ్మలు ఎన్ని వేయాలో నిర్ణయించే హార్మోన్లు కూడా. మొక్కకు ఇంత అవసరమైన కబురును జొన్నమల్లె పొంచి విని, తన పబ్బం గడుపుకుంటోంది.

జొన్నమల్లె బీద నేలల్లోనే ఎందుకు చెలరేగుతుందో దీనితో అర్థమవుతుంది. చెలక నేలలు, దుబ్బ నేలలు తేలిక నేలలు. వాటిలో సత్తువ తక్కువ, నీరు నిలవదు. ఆకలితో ఉన్న జొన్న వేరు శిలీంధ్రాన్ని గట్టిగా పిలుస్తుంది, ఆ పిలుపు మల్లెకు ఇంకా గట్టిగా వినిపిస్తుంది. పశువుల ఎరువు, తగినంత నత్రజని పడిన చేనులో మల్లె తగ్గడానికి ఇదొక కారణం. మామూలు కలుపుల్లో కొన్నిటిని నైట్రేట్ లేపుతుందని ముందు చూశాం. జొన్నమల్లె దగ్గర కథ తిరగబడింది. నత్రజని పెరిగితే వేరు పిలుపు తగ్గుతుంది, గింజ లేవదు, లేచినా బలమైన జొన్న దాన్ని తట్టుకుంటుంది.

ఇంకొక షరతు కూడా ఉంది. ఎండిన గింజకు స్ట్రైగాల్ తగిలినా లేవదు. ముందు ఒకటి రెండు వారాలు వెచ్చని తడి మట్టిలో నానాలి. తొలకరి తర్వాత 30 డిగ్రీల వేడిలో ఉండే తడి మట్టి దానికి సరిగ్గా సరిపోతుంది. అలా సిద్ధమైన గింజ కబురందిన ఒకటి రెండు రోజుల్లోనే మొలుస్తుంది. కబురందకుండా తడి ఎక్కువ రోజులు సాగితే తిరిగి నిద్రలోకి జారుకుంటుంది.

మట్టిలోకి ఎక్కించిన వాయువు

1956లో అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల్లో మొక్కజొన్న చేలు అంతుపట్టని తెగులుతో కుదేలవుతున్నాయి. దానికి కారణం స్ట్రైగా ఏసియాటికా అని అప్పుడే తేలింది. అక్కడ చదువుకుంటున్న ఒక భారతీయ విద్యార్థి ఆ మొక్కను చూసి మా దేశంలో ఉన్నదే ఇది అని గుర్తుపట్టాడని చెబుతారు. వెంటనే ఆ ప్రాంతం నుంచి మట్టి అంటిన యంత్రాలు, పంట బయటికి పోకుండా కట్టడి చేశారు. కాలక్రమంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా దాని బారిన పడినట్టు తేలింది.

మొక్కలను చంపడానికి కలుపు మందులున్నాయి. గింజల సంగతి? అక్కడి శాస్త్రవేత్త రాబర్ట్ ఎప్లీ ఇథిలీన్ వాయువు మీద దృష్టి పెట్టాడు. ఇది మనకు తెలియని వాయువేమీ కాదు. పండే మామిడికాయ తనంతట తానే వదిలేది ఇదే. పండ్లను మాగబెట్టే గదుల్లో నింపేదీ ఇదే. వేరు కబురు అందినప్పుడు స్ట్రైగా గింజ తనలోపల ఇథిలీన్ తయారు చేసుకుంటుందని, ఆ ఇథిలీనే మొలకను కదిలిస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. కాబట్టి బయటి నుంచి ఇథిలీన్ ఇస్తే వేరుతో, స్ట్రైగాల్‌తో పనిలేకుండానే గింజ లేచి కూర్చుంటుంది.

1975లో ఎప్లీ తన ఫలితాలు ప్రకటించాడు. ట్రాక్టరు వెనుక బిగించిన కర్రుల గుండా మట్టిలోకి జానెడు లోతున వాయువును ఎక్కించారు. హెక్టారుకు కిలోన్నర చాలు, అంటే ఎకరాకు సుమారు 600 గ్రాములు. మట్టి తడిగా, వెచ్చగా ఉన్నప్పుడు ఇచ్చిన ఈ కొద్దిపాటి వాయువు అందులోని స్ట్రైగా గింజల్లో 90 శాతం దాకా మొలిపించగలిగింది. చేనులో ఆతిథ్యమిచ్చే పంట లేదు, మొలిచినవన్నీ చచ్చాయి. ఇథిలీన్‌తోపాటు కలుపు మందులు, సోయాచిక్కుడు వంటి ఎర పంటలు, కట్టడి, దశాబ్దాల తరబడి చేను చేనునూ గాలించడం కలిసి ఆ నాలుగు లక్షల ఎకరాలను కొద్ది వేల ఎకరాలకు తెచ్చాయి. దానికి అమెరికా ప్రభుత్వం కోట్లాది డాలర్లు పోసింది.

ఇథిలీన్ కాకుండా స్ట్రైగాల్‌నే కర్మాగారంలో తయారు చేయలేమా అని మరికొందరు ఆలోచించారు. స్ట్రైగాల్ అణువు చాలా చిక్కైనది, దాన్ని కట్టాలంటే బోలెడు ఖర్చు. 1970లలో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జాన్సన్ బృందం అందులో గింజను లేపే భాగం ఏదో గుర్తించి, దాన్ని మాత్రమే ఉంచి తేలికైన అణువులు కట్టింది. జీఆర్ 7, జీఆర్ 24 అనే ఆ పదార్థాలు ప్రయోగశాలలో అద్భుతంగా పనిచేశాయి. పొలంలో మాత్రం క్షార గుణం ఉన్న మట్టిలో తొందరగా విరిగిపోయాయి. అయినా పరిశోధకులకు జీఆర్ 24 ఈనాటికీ కొలబద్ద. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో నైమేఖెన్-1, సౌదీ అరేబియాలోని కౌస్ట్ విశ్వవిద్యాలయంలో అల్ బబిలి బృందం చేసిన కొత్త పదార్థాలు వచ్చాయి. వాటిని పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో చిన్న రైతుల సజ్జ, జొన్న చేలల్లో వానాధారంగా పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. పంట వేయకముందు వాన పడి మట్టి తడిసిన చేనులో మందు చల్లితే, ఆ తర్వాత వేసిన పంటలో స్ట్రైగా దాదాపు సగానికి తగ్గింది. 2018లో జపాన్ శాస్త్రవేత్తలు ఇంకా తీక్షణమైన పదార్థాన్ని తయారుచేశారు. స్ట్రైగా గింజలో కబురందుకునే ప్రొటీన్‌కు సరిగ్గా అతికేలా మలిచిన అణువు అది.

మన చెలకల్లో

ఈ వాయువు, ఈ మందులు నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతుల దాకా ఎందుకు రాలేదు? ఇథిలీన్ సిలిండర్లు, ప్రత్యేకమైన ట్రాక్టర్లు, సర్వే బృందాలు ఒక ప్రభుత్వం పెద్ద ఎత్తున పూనుకుంటే సాగే పని. రెండు మూడు ఎకరాల చెలకలో జొన్న మీద వచ్చే రాబడి దాన్ని భరించలేదు. పైగా గింజ నానడానికి రెండు వారాల తడి, ఆ తర్వాత మందు, ఆ తర్వాత మొలక చచ్చేదాకా ఆగడం, అప్పుడు విత్తడం. జూన్‌లో పడ్డ వానకు ఒక్కరోజు ఆలస్యమైనా అదను పోతుందని తహతహలాడే రైతును రెండు మూడు వారాలు ఆగమనడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

కానీ ఆ రసాయనశాస్త్రం మనకు పనికిరాకుండా పోలేదు. మందు సీసాలో కాకుండా వేరులో దొరికే మార్గం ఉంది.

ఒకటి, విత్తనం. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ తొలినాళ్ళలోనే జొన్నమల్లె మీద పనిచేసింది. అక్కడ వేలాది జొన్న రకాల వేరు స్రావాన్ని ప్రయోగశాలలో స్ట్రైగా గింజల మీద పోసి, ఏ రకం గింజను తక్కువగా లేపుతోందో చూశారు. కె. వి. రామయ్య, ఎం. జె. వాసుదేవరావు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి స్ట్రైగాను గుర్తించి అరికట్టే పద్ధతుల మీద రాసిన చేతిపుస్తకాన్ని ఇక్రిశాట్ 1983లో ప్రచురించింది. స్ట్రైగా ఏసియాటికాను తట్టుకునే ఎస్‌ఏఆర్ వరస జొన్నలు ఆ కృషి ఫలమే. మల్లెను వేరు తోలు దగ్గరే ఆపగలిగిన ఎన్ 13 అనే భారతీయ జొన్న గుణాన్ని తర్వాత సూడాన్ రైతుల రకాల్లోకి ఎక్కించారు. గింజను లేపని జొన్న రహస్యం 2017లో జన్యువు స్థాయిలో తేలింది. ఒకే ఒక్క జన్యువు లోపించడంతో ఆ జొన్నలు స్ట్రైగోలాక్టోన్ రకాన్నే మార్చి వదులుతున్నాయి. శిలీంధ్రానికి పిలుపు అందుతుంది, మల్లె గింజకు అందదు. ఈ పనిలో దశాబ్దాలు గడిపిన ఇథియోపియా శాస్త్రవేత్త గెబిసా ఎజెటా 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు.

రెండు, పంటల వరస. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒకప్పుడు జొన్న రొట్టె, జొన్న గట్క పూటపూటా తిండి. ఆ చెలకలు చాలామటుకు పత్తికి మారాయి. కాలువ నీరు అందినచోట వరి వచ్చింది. నీరు నిలిచే వరిమడిలో జొన్నమల్లెకు చోటు లేదు. పత్తి చేనులో ఏడాదికేడాది కొన్ని గింజలు మోసపోయి లేచి చస్తాయి. రైతు ధర కోసం వేసిన పత్తి, తెలియకుండానే జొన్నమల్లె నిధిని కొంత కరిగించింది. అలాగని ఏటా పత్తి మీద పత్తి వేయడం మంచిది కాదు, దాని చీడలు, దాని అప్పులు వేరే ఉన్నాయి. జొన్న, పత్తి, కంది, వేరుశనగ, అలసంద వంటి పంటలను మార్చి మార్చి వేసుకుంటేనే లాభం. జొన్న సాళ్ళ మధ్య కంది వేసే పాత అలవాటులో కూడా ఈ ప్రయోజనం ఉంది. ఒక్క ఏడాదిలో నిధి ఖాళీ కాదు. గింజ వేరుకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే కబురందుతుంది కాబట్టి, ఎర పంట మూడు నాలుగేళ్ళు వంతులవారీగా పడాలి. ఎర పంటల్లో కూడా రకాన్ని బట్టి గింజను లేపే శక్తి మారుతుంది.

మూడోది మనకు మరీ దగ్గరిది. బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే గునుగు పువ్వు జొన్న చేలలో, గెట్ల మీద తానే మొలిచే మొక్క. శాస్త్రనామం సెలోసియా అర్జెంటియా. తూర్పు ఉగాండా జొన్న రైతులు, గునుగు ఉన్నచోట స్ట్రైగా తగ్గుతోందని గమనించారు. అక్కడి శాస్త్రవేత్తలు పొలంలో పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. గునుగుతో కలిపి పెంచిన జొన్నలో స్ట్రైగా దాదాపు సగానికి తగ్గింది, జొన్న దిగుబడి పెరిగింది. గునుగు వేరు కూడా గింజను లేపి తిండి పెట్టని జాతి అని వాళ్ళ వివరణ. గునుగు జొన్నకు పోటీ కూడా కాబట్టి, చేనంతా దాన్ని వదిలేయమని దీనర్థం కాదు. మన నేలల్లో, మన జొన్న రకాలతో, మన మల్లె జాతుల మీద ఎంత పనిచేస్తుందో పాలెం వంటి పరిశోధనా స్థానాల్లో, రైతుల చేలల్లో కొలిచి చూడవలసిన విషయం ఇది. అందుకు విత్తనం కొనే పని కూడా లేదు.

మీరే చేసి చూడండి

విత్తన నిధిని కళ్ళారా చూడటానికి ఒక తేలికైన ప్రయోగం ఉంది. బడిలో పిల్లలు కూడా చేయవచ్చు. ఎండాకాలం చివర చేనులో నాలుగైదు చోట్ల బెత్తెడు లోతు మట్టి తీసి కలపండి. రెండు పళ్ళేల్లో సమానంగా, వేలు మందాన పరచండి. ఒకదానికి మామూలు నీరు, రెండోదానికి లీటరుకు 2 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపిన నీరు మొదటిసారి పోయండి. తర్వాత రెండింటికీ మామూలు నీరే. వెలుతురులో ఉంచండి. వారానికొకసారి మొలిచినవాటిని లెక్కపెట్టి, పీకి, మట్టిని కలియతిప్పండి. రెండు నెలలు సాగించండి. ప్రతి కలియబెట్టుడుకూ కొత్త జట్టు లేస్తుంది. రెండు పళ్ళేల లెక్క పక్కపక్కన రాసుకుంటే, ఏ జాతులు నైట్రేట్ మాట విన్నాయో, ఏవి వినలేదో తెలుస్తుంది. జొన్నమల్లె మాత్రం ఏ పళ్ళెంలోనూ కనబడదు. మట్టిలో ఉన్నా కనబడదు. దానికి కావలసిన కబురు ఆ నీళ్ళలో లేదు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. జొన్న రొట్టె పట్నం బల్లల మీదకు తిరిగి వస్తోంది, ధర బాగుంటే చెలకల్లోకి కూడా వస్తుంది. జొన్న వేసిన చేనులో మల్లె గింజ మిగిలి ఉంటే, అది కూడా వస్తుంది. కాబట్టి జొన్న వేయబోయే రైతుకు, వ్యవసాయం చదువుతున్న విద్యార్థికి ఈ అధ్యాయం చివర చెప్పవలసిన మాట ఒక్కటే. పూర్వం ఆ చేనులో మల్లె ఉండేదా అని ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఉండేదంటే జొన్నకు ముందు మూడు నాలుగేళ్ళు పత్తో, కందో, వేరుశనగో, అలసందో వంతులేసి పండించండి, ఎరువు బాగా తోలండి. జొన్నలో ఒక్క తెల్లని పువ్వు కనబడినా, కాయ పగలకముందే పీకి చేను బయట కాల్చేయండి. కాయ పగిలిన ఒక్క మొక్క పదేళ్ళ దాకా పనిపెడుతుంది.